స్కూల్ రిపోర్టుకి చిలుకల శాస్త్రవేత్త కావాలంటే బెంగళూరులో ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: పాప ఏడో తరగతి, మారతహళ్ళి వైపు స్కూలు. చిలుకల మీద రిపోర్టు రాయాలి. అందులో "చిలుకల మీద పరిశోధన చేసే ఒక శాస్త్రవేత్త" ఉండాలన్నారు. మూడు వారాల గడువు. గూగుల్లో వెతికితే చిలుకల్ని అమ్మేవాళ్ళూ, పెంచేవాళ్ళూ తప్ప ఎవరూ తగలడం లేదు. ఎవరిని అడగాలి, అడిగితే జవాబిస్తారా?

జవాబిస్తారు. కాకపోతే అడిగే తీరులో చాలా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట స్కూలువాళ్ళు ఇచ్చిన కాగితం మళ్ళీ ఒకసారి చదవండి. "శాస్త్రవేత్తని కనుక్కో" అంటే రెండు అర్థాలున్నాయి. ఒక శాస్త్రవేత్త ఏం చేశారో చదివి పరిచయం చేయడం ఒకటి, ఒక శాస్త్రవేత్తతో మాట్లాడి రాయడం ఇంకొకటి. మొదటిదే అయితే ఎవరినీ కదిలించనక్కర్లేదు. అచ్చయిన సమాచారం దండిగా ఉంది, రెండు రోజుల పని. కాగితంలో స్పష్టంగా లేకపోతే టీచర్ని డైరీలో ఒక్క వాక్యం రాసి అడగండి. ఈ సంగతి తేల్చుకోకుండా పదిమందికి మెయిళ్ళు పెట్టి, చివర్లో "ఇంటర్వ్యూ అక్కర్లేదట" అనడం అవతలివాళ్ళ సమయానికి అన్యాయం.

పరిచయం రాస్తే చాలు అనుకుంటే నా ఎంపిక ఐరీన్ పెప్పర్‌బర్గ్. అమెరికా శాస్త్రవేత్త. 1977లో ఒక పక్షుల దుకాణంలో ఏడాది వయసున్న ఆఫ్రికన్ గ్రే చిలుకని కొని, దానికి అలెక్స్ అని పేరు పెట్టి, 2007లో అది చనిపోయేదాకా ముప్ఫై ఏళ్ళు దాని మీదే పనిచేశారు. అలెక్స్ వందకి పైగా మాటలు నేర్చుకుంది. రంగు, ఆకారం, దేంతో చేశారు అన్నవి వేరుచేసి చెప్పేది. ఆరు దాకా లెక్కపెట్టేది. పిల్లలకి బాగా పట్టేది ఆమె నేర్పిన పద్ధతి. చిలుక ఎదుట ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ఒకరు వస్తువు చూపించి అడుగుతారు, రెండోవారు జవాబు చెబుతారు. సరిగ్గా చెబితే ఆ వస్తువే బహుమానం, తప్పు చెబితే వస్తువు కనబడకుండా తీసేస్తారు. చిలుక దాన్ని చూసి, ఆ రెండోమనిషితో పోటీపడి నేర్చుకుంటుంది. మనవాళ్ళు "చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అంటారు కదా. ఎదురుగా కూర్చోబెట్టి ఒకే మాట పదిసార్లు చెప్పడం కన్నా ఇలా పక్కవాళ్ళ సంభాషణ చూపించడమే బాగా పనిచేసిందని ఆమె ప్రయోగాలు చూపాయి. తెలుగింటి పిల్ల రాసే రిపోర్టుకి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

పంజరం పక్షి కాకుండా అడవి పక్షి కావాలంటే కార్ల్ బెర్గ్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పని చూడండి. వెనిజులాలో పిచ్చుకంత చిట్టి చిలుకలున్నాయి. వాటిలో ప్రతి పిల్లకీ తనదంటూ ఒక కూత ఉంటుంది, మనకి పేరున్నట్టు. ఆ కూత పుట్టుకతో వస్తుందా, తల్లిదండ్రులు నేర్పితే వస్తుందా? తేల్చడానికి కొన్ని గూళ్ళ మధ్య గుడ్లు మార్చేశారు. పిల్లల కూతలు కన్నవాళ్ళవి కాక పెంచినవాళ్ళ కూతల్ని పోలి వచ్చాయి. ఏడో తరగతి పిల్ల ఒక పేజీలో, ఒక బొమ్మతో చెప్పగలిగిన ప్రయోగం ఇది. ప్రశ్న, పద్ధతి, ఫలితం మూడూ కళ్ళకి కడతాయి.

ఇక మాట్లాడాల్సిందే అన్నారనుకుందాం. అప్పుడు ముందు వదులుకోవాల్సింది "చిలుకల శాస్త్రవేత్త" అన్న మాట. అలాంటి ఉద్యోగం ఎక్కడా లేదు. సంస్థల వెబ్‌సైట్లలో ఆ మాట కనపడదు, అందుకే మీ వెతుకులాట దుకాణాల దగ్గర ఆగిపోయింది. పక్షుల మీద పనిచేసేవాళ్ళు కూడా తమని తాము ఆర్నిథాలజిస్టు, అంటే పక్షిశాస్త్రవేత్త, అని చెప్పుకోవడం తక్కువ. ఒకరు జంతు ప్రవర్తన అంటారు, ఒకరు పట్టణ జీవావరణం అంటారు, ఇంకొకరు ధ్వని, మరొకరు జన్యుశాస్త్రం. చిలుక వాళ్ళ ప్రశ్నలో ఒక పాత్ర. కాబట్టి పాప ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. ప్రశ్నని బట్టి మనిషి దొరుకుతారు.

చిలుకలు మాటలెలా నేర్చుకుంటాయి అన్నది పాప ప్రశ్న అయితే మీకు కావాల్సింది పక్షుల కూతల మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళు చిలుకల మీదే పనిచేయనక్కర్లేదు. విని నేర్చుకుని కూసే పక్షి వర్గాలు ముఖ్యంగా మూడు: చిలుకలు, పాటపిట్టలు, తేనె తాగే హమ్మింగ్‌బర్డ్‌లు. గోరింక పాటపిట్టల వర్గంలోది. కాబట్టి పాటపిట్టల కూతల్ని రికార్డు చేసి పోల్చే శాస్త్రవేత్త ఈ ప్రశ్నకి చక్కగా జవాబు చెప్పగలరు.

నగరంలో చిలుకలు ఎలా బతుకుతున్నాయి, గూడు ఎక్కడ పెడుతున్నాయి అన్నది ప్రశ్న అయితే పట్టణ జీవావరణం చూసేవాళ్ళు కావాలి. రామచిలుక తానుగా తొర్ర తొలవడం తక్కువ. వడ్రంగిపిట్టా, కంసాలిపిట్టా తొలిచి వదిలేసినవో, చెట్టు పుచ్చి ఏర్పడినవో వెతుక్కుంటుంది, అవసరమైతే వెడల్పు చేసుకుంటుంది. పాత గోడల కంతల్లోనూ పెడుతుంది. అందుకే రోడ్డు వెడల్పు కోసం ముసలి చెట్లు కొట్టేసిన వీధికీ చిలుకకీ నేరుగా సంబంధం ఉంది. బెంగళూరు పిల్లకి ఇది కంటి ముందున్న విషయం, నా వరకు ఈ ప్రశ్నే అన్నిటికన్నా ఇష్టం.

చిలుకలు పంట తింటాయి కదా, రైతు ఏం చేయాలి అన్నది ప్రశ్న అయితే వ్యవసాయ విశ్వవిద్యాలయం. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, జొన్న, జామ తోటల మీద చిలుకల గుంపులు పడతాయి. ఎండకి మెరిసే రిబ్బన్ కట్టడం, కంకిని దాని ఆకులతోనే చుట్టేయడం లాంటి పద్ధతులు పరీక్షించి చూసింది వ్యవసాయ పక్షిశాస్త్రంవాళ్ళే. ఊళ్ళో తాతగారికి పొలం ఉంటే ఈ దారి సుళువు. ఆయన్ని ఒక ప్రశ్న, శాస్త్రవేత్తని ఒక ప్రశ్న అడగొచ్చు.

జబ్బుల గురించైతే పక్షులకి వైద్యం చేసే పశువైద్యులు. ఆడా మగా తేడా ఎలా తెలుస్తుంది, ఏ రకం దేనికి చుట్టం అన్నవి జన్యుశాస్త్రం ప్రశ్నలు. రామచిలుకలో మెడకి ఉంగరం మగదానికే, అదీ పెద్దయ్యాకే వస్తుంది. చిలుకల్లో చాలా రకాలకి అలాంటి గుర్తే ఉండదు. అప్పుడు ఈకలోని డీఎన్‌ఏ చూసి చెబుతారు.

ఇప్పుడు వెతకడం. ఇక్కడ చాలామంది బోల్తాపడేది ఒకే ఒక్క మాట దగ్గర. ఇంగ్లీషులో మామూలు జనం పారట్ అంటారు, కానీ మన దేశపు చిలుకల మీద వచ్చిన వ్యాసాలు దాదాపు అన్నీ పారకీట్ అని రాస్తాయి. పారట్ అని కొడితే అలెక్స్ వస్తుంది, మీ పెరట్లో రామచిలుక రాదు. పారకీట్ అని, పక్కన బెంగళూరు అనో కర్ణాటక అనో చేర్చి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. మామూలు గూగుల్ కాదు, పరిశోధన వ్యాసాల్ని వెతికిపెట్టే స్కాలర్. దుకాణాలు అక్కడికి రావు.

శాస్త్రీయ నామంతో కూడా వెతకండి. రామచిలుక సిట్టాకులా క్రామెరి. స్పెల్లింగ్ ఏ పక్షుల పుస్తకంలోనైనా ఉంటుంది. ఇందులో ఒక చిక్కుంది. సిట్టాకులా అనే ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుని, కొన్ని జాబితాలు ముక్కలు చేసి, రామచిలుకని అలెగ్జాండ్రినస్ అనే ప్రజాతిలో పెట్టాయి. మొదటి మాట మారింది, రెండోది మారలేదు. కాబట్టి క్రామెరి అన్న మాట ఒక్కటే వేసి పక్కన పారకీట్ అని చేరిస్తే పాతవీ కొత్తవీ రెండూ వస్తాయి. అలెగ్జాండ్రిన్ పారకీట్ అన్నది మళ్ళీ వేరే పక్షి: భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక. ఈ రెండింటినీ కలిపేసిన రిపోర్టులు చాలా ఉంటాయి. పాప బొమ్మ అతికించే ముందు భుజం చూడమనండి.

వ్యాసం దొరికాక సారాంశం చాలు, మొత్తం చదవనక్కర్లేదు. చూడాల్సినవి మూడు. ఏ సంవత్సరం, ఎందుకంటే పదేళ్ళ కిందటిదైతే రాసినవాళ్ళు ఆ సంస్థలో ఉండకపోవచ్చు. పేర్ల వరుస, ఎందుకంటే ఈ రంగంలో మొదటి పేరు సాధారణంగా ఎండలో నిలబడి పని చేసిన పరిశోధక విద్యార్థిది, చివరి పేరు ప్రయోగశాల నడిపేవారిది. మూడోది, పేరు పక్కన నక్షత్రం గుర్తో కవరు బొమ్మో. ఆ గుర్తున్నవారి మెయిల్ అక్కడే అచ్చయి ఉంటుంది, ఉత్తరాలు రావాలనే ఇస్తారు. కోయంబత్తూరు నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ త్రెటెన్డ్ టాక్సా డబ్బు కట్టకుండా మొత్తం చదవొచ్చు, భాష కూడా మరీ గట్టిగా ఉండదు. పిల్లలతో చూడ్డానికి నేను ముందు చెప్పేది అదే.

ఇంకో మాట. మన రామచిలుక మీద చాలా పని యూరప్‌లో జరిగింది. పంజరాల నుంచి తప్పించుకున్న చిలుకలు లండన్ లాంటి నగరాల్లో వేలకొద్దీ స్థిరపడ్డాయి. అక్కడి తొర్రల్లో ఉండే స్థానిక జీవాలకి ఇబ్బంది అవుతోందా అని వాళ్ళు చూస్తున్నారు. స్పెయిన్‌లోని సెవిల్‌లో ఒక పార్కులో తొర్రల కోసం అరుదైన పెద్ద గబ్బిలాల మీద రామచిలుకలు దాడి చేయడం నమోదైంది. కాబట్టి వెతుకులాటలో విదేశీ పేర్లు ఎక్కువ వస్తే కంగారు పడకండి. వాళ్ళకీ రాయొచ్చు. మన ఊరి చిలుక గురించి మన ఊరి పిల్ల రాస్తే వాళ్ళకి ఆసక్తే.

బెంగళూరులో ఎక్కడ? భారతీయ విజ్ఞాన సంస్థలో, అంటే మల్లేశ్వరం దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ ఉంది. 1983 నుంచి నడుస్తోంది, జంతు ప్రవర్తన, ధ్వని వాళ్ళకి బలమైన విషయాలు. బళ్ళారి రోడ్డులో జీకేవీకే ఆవరణలో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ వన్యప్రాణి జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ నడుస్తుంది, అంటే పక్షుల మీద పని చేసే కుర్రవాళ్ళు ఎప్పుడూ కొంతమంది ఉంటారు. అదే జీకేవీకేలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, పంటల ప్రశ్నకి అక్కడ. జక్కూరు దగ్గర ఏట్రీ, నగర చెరువులూ చెట్ల మీద పని చేసే సంస్థ. హెబ్బాళలో పశువైద్య కళాశాల. మైసూరు కేంద్రంగా ఉన్న నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌వాళ్ళు పిల్లలకి పక్షుల గురించి చెప్పడానికి ఎర్లీ బర్డ్ అనే కార్యక్రమమే నడుపుతున్నారు. పిల్లల ఉత్తరాలు చదవడం వాళ్ళ పనిలో భాగం కాబట్టి "ఈ ప్రశ్న ఎవరిని అడగాలి" అని వాళ్ళని అడగడం తెలివైన పని.

ఊళ్ళోనే ఉండాలన్న పట్టింపు పెట్టుకోకండి. వీడియో కాల్‌కి ఊరుతో పనేముంది? పాపకి తెలుగులో మాట్లాడటమే సౌకర్యమైతే తిరుపతిలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో పక్షుల జీవావరణం, కూతల మీద పనిచేసే బృందం ఉంది. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థవారి వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ జన్యు ప్రశ్నలకి సరిపోతుంది. పంటల పక్షుల పథకం చాలాకాలం హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రంగానే నడిచింది. కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో సాలిం అలీ పేరిట ఉన్న పక్షిశాస్త్ర కేంద్రం సంగతి సరేసరి. ఆయా సంస్థల్లో తెలుగువాళ్ళు ఉండొచ్చు, కానీ ఇంటిపేరు చూసి ఊహించి నేరుగా తెలుగులో రాయకండి. ఇంగ్లీషులో రాసి, చివర "తెలుగులోనూ మాట్లాడగలను" అని ఒక్క మాట చేర్చండి.

ఎవరికి రాయాలి? డైరెక్టరుకి వద్దు. సంస్థ పేరుతో ఉండే సమాచార మెయిల్‌కి వద్దు, అది ఎక్కడో ఆగిపోతుంది. ప్రొఫెసర్లకి రాయొచ్చు, కానీ వాళ్ళ మెయిల్ పెట్టెలో రోజుకి పదుల ఉత్తరాలు పడతాయి. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళూ, అది ముగించి పోస్ట్‌డాక్ చేస్తున్నవాళ్ళూ ఎక్కువగా జవాబిస్తారు. రోజూ పక్షుల్ని చూసేదీ వాళ్ళే, పిల్లల ప్రశ్నకి మెరిసే కళ్ళూ వాళ్ళవే. "ఇంకా డాక్టరేట్ రాలేదు కదా, శాస్త్రవేత్త అనొచ్చా" అని కొందరు తల్లిదండ్రులు సందేహిస్తారు. ఒక ప్రశ్న పెట్టుకుని, పద్ధతి ప్రకారం సమాచారం సేకరించి, వ్యాసం రాసినవారు శాస్త్రవేత్తే. రిపోర్టులో "పరిశోధక విద్యార్థి" అని ఉన్నదున్నట్టు రాస్తే టీచరూ కాదనరు.

ఒకేసారి ముగ్గురికి, ఒక్కొక్కరికి విడిగా రాయండి. ఇరవైమందిని ఒకే మెయిల్‌లో వరసగా పెడితే ప్రతివారూ "ఇంకెవరో చెబుతార్లే" అనుకుంటారు, ఎవరూ చెప్పరు. మెయిల్ మీ ఐడీ నుంచి వెళ్ళాలి, మాటలు పాపవి కావాలి, కింద తల్లిగానో తండ్రిగానో మీ పేరు ఉండాలి. పెద్దలు లేకుండా పిల్లతో నేరుగా ఉత్తరాలు నడపడానికి బాధ్యతగల ఏ శాస్త్రవేత్తా ఇష్టపడరు. అలా ఇష్టపడితే మీరే ఒప్పుకోకూడదు.

ఉత్తరం నూటయాభై మాటలు దాటకూడదు. విషయం గడిలో "హెల్ప్" అని కాకుండా "ఏడో తరగతి విద్యార్థిని, రామచిలుకల గురించి ఐదు ప్రశ్నలు" అని ఉండాలి. నమూనా ఇస్తున్నాను. అంకెలు ఊహించినవే, పాప తనవి పెట్టుకోవాలి, ఇంగ్లీషులోకి తన మాటల్లోనే మార్చుకోవాలి:

"నమస్కారం అండీ. నేను బెంగళూరులో ఏడో తరగతి చదువుతున్నాను. స్కూలు రిపోర్టు కోసం రామచిలుకలు రాత్రి ఒకే చెట్టు మీదికి ఎందుకు చేరతాయో తెలుసుకుంటున్నాను. నగరంలోని పక్షుల మీద మీరు రాసిన వ్యాసం సారాంశం చదివాను. మా ఇంటి దగ్గర చెరువు గట్టున మూడు సాయంత్రాలు నేను చిలుకల్ని లెక్కపెట్టాను: 64, 71, 38. మూడో రోజు ఎందుకు తగ్గాయో అర్థం కాలేదు. మీకు వీలైతే పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడతారా? లేదా ఈ కింది ఐదు ప్రశ్నలకి రెండేసి వాక్యాల్లో రాసినా చాలు. ఈ నెల 20వ తేదీలోపు అయితే రిపోర్టులో చేర్చగలను. వీలు కాకపోతే ఇంకెవరిని అడగాలో చెప్పినా సంతోషం."

ఇందులో పని చేసే భాగాలు గమనించండి. ఎవరు, ఎందుకు అన్నవి మొదటి రెండు వాక్యాల్లోనే తేలిపోయాయి. వాళ్ళ పని చదివినట్టు తెలుస్తోంది. ఎంత సమయం కావాలో, ఎప్పటిలోగానో ఉంది. తప్పించుకోవడానికి ఒక మర్యాదైన దారీ ఉంది. ఆ చివరి వాక్యం వల్లే చాలాసార్లు అసలు మనిషి దొరుకుతారు, ఎందుకంటే శాస్త్రవేత్తలకి ఎవరు ఏం చేస్తున్నారో ఒకరికొకరికి తెలుసు.

అన్నిటికన్నా బలమైనది ఆ మూడు అంకెలు. చిలుకల గురించి చెప్పమని వచ్చే ఉత్తరాలు వేరు, చిలుకల్ని చూసి వచ్చే ఉత్తరం వేరు. కాబట్టి ఉత్తరం రాసే ముందు మూడు సాయంత్రాలు లెక్కపెట్టించండి. పద్ధతి సుళువే. చెరువు గట్టో, పార్కో, అపార్టుమెంటు మేడో ఏదైనా సరే, ఆకాశం విశాలంగా కనపడాలి. మూడు రోజులూ అదే చోట నిలబడాలి. సూర్యాస్తమయానికి 45 నిమిషాల ముందు మొదలుపెట్టి చీకటి పడేదాకా ఉండాలి. చిలుకలు గుంపులుగా అరుచుకుంటూ వస్తాయి, తల ఎత్తకముందే చెవికి తెలుస్తుంది. ఐదేసి నిమిషాలకి ఒక గడి గీసుకుని, ఆ ఐదు నిమిషాల్లో ఎన్ని పోయాయి, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి అన్నది రాయాలి. పెద్ద గుంపు వస్తే ఒక్కొక్కటే లెక్కపెట్టబోతే సగంలో తప్పిపోతుంది. ముందు పది ఎంతమేర ఉన్నాయో కంటితో కొలుచుకుని, అలాంటి పదులు ఎన్నో చూడాలి. ఒకరు చూసి చెబితే ఇంకొకరు రాయాలి. ఒక్కరే రెండూ చేస్తే కాగితం మీదికి తల వంచినప్పుడు ఒక గుంపు దాటిపోతుంది. వాన, మబ్బు, పక్కన బాణసంచా, గద్ద లాంటివి కూడా రాసి పెట్టాలి. అంకె తగ్గినప్పుడు కారణం అక్కడ దొరుకుతుంది.

ఎగిరేటప్పుడు మగా ఆడా గుర్తుపట్టాలని చూడకండి, ఉంగరం ఆ వేగంలో కనపడదు. పొడుగు తోక, తిన్నగా బాణంలా దూసుకుపోవడం, కీచుమనే కేక, ఈ మూడూ చాలు. ఆ లెక్కనే ఈబర్డ్ అనే పక్షుల పరిశీలనల వెబ్‌సైట్‌లో జాబితాగా చేరిస్తే దేశంలోని పక్షి గణాంకాల్లో పాప పరిశీలన కూడా ఒక వరుస అవుతుంది. రిపోర్టులో ఆ జాబితా స్క్రీన్‌షాట్ అతికించొచ్చు. ఈబర్డ్ ఖాతా మాత్రం మీ పేరునే తెరవండి.

ప్రశ్నలు ఐదే. వెతికితే దొరికేవి అడగొద్దు: చిలుక ఎన్నేళ్ళు బతుకుతుంది, ఏం తింటుంది, ప్రపంచంలో ఎన్ని రకాలు. ఆ చివరిదానికి జవాబు నాలుగు వందల దరిదాపు, పుస్తకంలో ఉంటుంది. మనిషికి మాత్రమే తెలిసేవి అడగాలి. మీ పరిశోధనలో ఒక రోజు పొద్దున్నించి ఎలా గడుస్తుంది? ఏ పరికరం మీ చేతిలో ఎక్కువసేపు ఉంటుంది? మీరు ముందు అనుకున్నది తప్పని ఎప్పుడు తేలింది, ఎలా తేలింది? ఒక చిలుకనీ ఇంకో చిలుకనీ వేరుగా ఎలా గుర్తుపడతారు? ఇంకా ఎవరికీ తెలియనిది ఏమిటి? ఈ చివరి ప్రశ్నకి ఇచ్చే జవాబే రిపోర్టులో బంగారం. ఆరో ప్రశ్నగా పాప తన మూడో రోజు లెక్క గురించి అడగొచ్చు, దాన్నెవరూ కాదనరు.

మెయిల్ పెట్టాక నాలుగు పనిరోజులు ఆగండి. అప్పుడు అదే ఉత్తరం కింద రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. దానికీ జవాబు లేకపోతే వదిలేసి తర్వాతి ముగ్గురికి రాయండి. మౌనానికి కారణం ఎక్కువసార్లు అయిష్టం కాదు, ఊళ్ళో లేకపోవడం. దక్షిణ భారతంలో రామచిలుకలు సుమారుగా డిసెంబరు, జనవరి నుంచి వేసవి మొదలుదాకా గూళ్ళు పెడతాయి. ఆ నెలల్లో వాటి మీద పనిచేసేవాళ్ళు సిగ్నల్ లేని చోట ఉంటారు. అందుకే గడువు మూడు వారాలుంటే మొదటి వారంలోనే ఉత్తరాలు వెళ్ళిపోవాలి. ఫోను నంబరు ఎక్కడో సంపాదించి వాట్సాప్ చేయడం మాత్రం వద్దు. వాళ్ళు ఇస్తేనే.

నేరుగా వెళ్ళి కలుద్దామనుకుంటే ముందు అనుమతి తీసుకోండి. ఈ సంస్థల గేట్ల దగ్గర "ఎవరిని కలవాలి" అని అడిగి, లోపలివారు సరేనంటేనే వదులుతారు. మీ గుర్తింపు కార్డు, పాప స్కూలు కార్డు దగ్గర పెట్టుకోండి. విజ్ఞాన సంస్థ ఏటా ఓపెన్ డే అని ఒక రోజు జనానికి తలుపులు తెరుస్తుంది. ఆ తేదీ మీ గడువులో పడితే అదృష్టమే, ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్ళండి. అలాగే లాల్‌బాగ్‌లో నెలకో ఆదివారం పొద్దున్నే పక్షులు చూసేవాళ్ళు కలుస్తారు. వాళ్ళలో వేరే వేరే ఉద్యోగాలవాళ్ళుంటారు, శాస్త్రవేత్తలూ వస్తుంటారు. "చిలుకల గురించి ఎవరికి బాగా తెలుసు" అని అక్కడ అడిగితే గంటలో మూడు పేర్లు వస్తాయి.

మాట్లాడే రోజు మీరు పక్కన ఉండండి, కానీ ప్రశ్నలు పాపే అడగాలి. రికార్డు చేస్తామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఒప్పుకోకపోతే ఇద్దరూ విడివిడిగా రాసుకుని తర్వాత పోల్చుకోండి. అంకెలూ పేర్లూ వచ్చినప్పుడు అక్కడికక్కడే తిరిగి చదివి వినిపించాలి, "నూటపదిహేను గ్రాములు అన్నారు కదండీ" అని. తప్పులు ఎక్కువ దొర్లేది అక్కడే. పదిహేను నిమిషాలు అడిగితే పద్నాలుగో నిమిషంలో సమయం గుర్తుచేయండి. వాళ్ళే పొడిగిస్తే సరే.

దుకాణాలవాళ్ళ సంగతి. యూట్యూబ్‌లో పారట్ ఎక్స్‌పర్ట్ అని చెప్పుకునేవాళ్ళు చాలావరకు పెంచి అమ్మేవాళ్ళు. వాళ్ళకి పక్షి తిండీ, గుడ్లూ గురించి అనుభవం ఉంటుంది, అబద్ధమని కాదు. కానీ స్కూలు అడిగింది పరిశోధన. తేడా తేల్చుకోవడం కష్టం కాదు: పేరుతో స్కాలర్‌లో వ్యాసం ఉందా, మెయిల్ చిరునామా సంస్థదా. రెండూ లేకపోతే అది వేరే పని. లవ్‌బర్డ్స్ అని మన బజార్లో అమ్మేవి చాలావరకు ఆస్ట్రేలియా బడ్జీలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, వేరే ప్రజాతి. రిపోర్టులో ఈ ఒక్కటి సరిగ్గా రాసినా టీచరు గమనిస్తారు.

ఇంకొకటి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పంజరంలో రామచిలుకతో పాప ఫోటో రిపోర్టులో పెట్టొద్దు. మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత రామచిలుక రెండో షెడ్యూల్లో ఉంది. చిలక జోస్యంవాళ్ళ పెట్టెలో ఉన్నదీ ఈ పక్షే, రెక్కలు కత్తిరించి. శాస్త్రవేత్తకి పంపే ఉత్తరంలో "మా ఇంట్లో రామచిలుక ఉంది" అన్న వాక్యం ఉంటే సంభాషణ అక్కడే చిక్కుబడుతుంది. బంధువుల ఇంట్లో నిజంగానే ఉంటే దాన్ని మేడ మీద నుంచి వదిలేయడం కూడా పరిష్కారం కాదు. ఎగరడం మరిచిన పక్షి కాకులకీ పిల్లులకీ ఆహారమవుతుంది. అటవీ శాఖకో, కెంగేరి దగ్గరి పీపుల్ ఫర్ యానిమల్స్ రక్షణ కేంద్రానికో అప్పగించాలి. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకే. ఆ సంగతీ, ఈ సంగతీ పక్కపక్కన రాయమనండి.

రాసేటప్పుడు శాస్త్రవేత్త అన్న మాటలు మాత్రమే కోట్ గుర్తుల్లో ఉండాలి, పాప అర్థం చేసుకుని రాసినవి బయట ఉండాలి. చిత్తుప్రతిలో వాళ్ళ మాటలున్న పేరా ఒక్కటి కోసి మెయిల్లో పంపి "ఇది సరేనా" అని అడగండి. మొత్తం రిపోర్టు పంపి దిద్దమనకండి. పేరు, చేసే పని, సంస్థ, మాట్లాడిన తేదీ, ఫోనా మెయిలా అన్నది ఒక వరుసలో రాస్తే చాలు. ఫోన్ నంబరూ మెయిలూ రిపోర్టులో వేయొద్దు, అది గోడకి అతికిస్తారు. మార్కులు వచ్చాక రిపోర్టు ఫోటో ఒకటి, ధన్యవాదాలు ఒక వాక్యం పంపండి. ఆ తర్వాత కూడా పాప సాయంత్రం లెక్కలు ఆపకపోతే, నెలకోసారి ఆ అంకెలు కూడా పంపమనండి.